రేకుల గదిలో నా బ్యాటరీ చీపురు

మొన్న మా అమ్మాయి రాజమండ్రి నుంచి వస్తూ పొడుగాటి అట్టపెట్టె ఒకటి తెచ్చింది. విప్పితే లోపల ఒక సన్నటి గొట్టం, దాని కింద వెడల్పాటి నోరు, పైన చేత్తో పట్టుకోవడానికి పిడి. కరెంటు తీగ లేదు. బరువు లేదు. చీపురు పట్టుకున్నట్టు పట్టుకుని మీట నొక్కితే నేల మీది దుమ్మంతా లోపలికి లాగేసుకుంటుందట. "ఇలాంటి వస్తువు మీ రోజుల్లో ఊహించారా నాన్నా?" అని అడిగింది.

ఊహించడమేమిటి, తయారు చేశాను. మీ అమ్మ మెడలో తాళి కట్టకముందే తయారు చేశాను. చేసి, దానితో ఒక్క పూటలో ఒక పెళ్లివారి మిఠాయిని గాల్లో కలిపి, పెద్దాచిన్నా తేడా లేకుండా అందరి చేతా తుమ్మించి, కాబోయే భార్యను దాదాపు పోగొట్టుకున్నాను. ఈ సంగతి మా ఆవిడ చెబితే ఇంకోలా ఉంటుంది. ఆవిడ చెప్పే కథలో నేను ఇంకా పెద్ద వెధవాయిని. అందుకని ఆవిడ అందుకునేలోపు నేనే చెప్పేస్తాను. మీరు నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. ఊరంతా నవ్వి అలిసిపోయింది, ఇంక మిగిలింది మీరే.

మాది ఆత్రేయపురం చుట్టుపక్కల ఒక ఊరు. ఆ ప్రాంతం పేరు చెబితే ఎవరికైనా పూతరేకులే గుర్తొస్తాయి. మా మేనత్త మాణిక్యం అత్తయ్య ఆ పనిలో దిట్ట. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట పెట్టి, పలచటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డను కుండ మీద ఇలా పరిచి అలా లాగేసరికి ఉల్లిపొర లాంటి రేకు మిగిలేది. ఆ రేకులను దొంతరలుగా పెట్టుకుని, తరవాత నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి, మడతలు వేసేది. ఈ మడతల పని జరిగే గదిని మేమందరం రేకుల గది అనేవాళ్లం.

ఆ గదికి అత్తయ్య పెట్టిన నియమాలు గర్భగుడికి కూడా ఉండవు. అక్కడ ఫ్యాను ఉండకూడదు. అసలు ప్లగ్గే ఉండకూడదు, ఉంటే ఎవడో ఒకడు తెచ్చి ఫ్యాను తగిలిస్తాడు. తలుపు దబాల్న వెయ్యకూడదు. తుమ్ము వచ్చినవాళ్లు ముక్కు మూసుకుని పెరట్లోకి పరుగెత్తాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, రేకులు బయట ఉన్నంతసేపూ చీపురు ఆ గడప దాటకూడదు. ఊడిస్తే దుమ్ము లేస్తుంది, లేచిన దుమ్ము రేకుల మీద వాలుతుంది.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. మడతలు వేస్తుంటే పంచదార పొడి నేల మీద రాలుతుంది. రాలగానే చీమలు వస్తాయి. పోనీ అని తడిగుడ్డ పెడితే పొడి కాస్తా పాకమై నేలకి అతుక్కుంటుంది, అప్పుడు ఆ చీమలు తమ చుట్టాలను కూడా పిలుచుకొస్తాయి. పాపం అత్తయ్య ఒక కన్ను రేకు మీద, ఒక కన్ను చీమల మీద వేసి కూర్చునేది.

అప్పుడు నేను కాకినాడలో ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తి చేసి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ, మా ఇంటి వసారాలో ఊరివాళ్ల రేడియోలూ మోటార్లూ బాగుచేస్తున్నాను. బాగుచెయ్యడం అన్నది మర్యాద కోసం వాడిన మాట. నా చేతిలో పడ్డ రేడియోల్లో కొన్ని మళ్లీ మాట్లాడేవి, చాలావాటికి మౌనవ్రతమే. ఎందుకంటే నా మనసు రేడియోల మీద ఉండేది కాదు, అత్తయ్య కూతురు సత్యవతి మీద ఉండేది. మేనరికం కనక మా ఇద్దరికీ పెళ్లని అందరూ చిన్నప్పటి నుంచీ అనుకున్నదే. కానీ అనుకోవడం వేరు, తాంబూలాలు పుచ్చుకోవడం వేరు. ఆ వేసవిలో తణుకు నుంచి సత్యవతికి ఒక సంబంధం వచ్చింది. కుర్రాడు బ్యాంకులో పని చేస్తాడు. తల దువ్వుకున్న పద్ధతి చూస్తేనే బుద్ధిమంతుడని తెలిసిపోయేది. అత్తయ్య అటు మొగ్గుతోందని మా అమ్మ చెప్పిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఉండబట్టలేక వెళ్లి అత్తయ్యనే అడిగేశాను. ఆవిడ మడత వేస్తున్న చెయ్యి ఆపకుండానే జవాబు చెప్పింది.

"ఒరేయ్ కామేశం, నువ్వంటే నాకు ప్రాణమేరా. కానీ నువ్వు ముట్టుకున్న వస్తువు ఒక్కటి సరిగ్గా పని చేసిందని చూపించు. లేకపోతే ఏం చూసి పిల్లనివ్వమంటావు?"

"ఏం చేసి చూపించమంటావో చెప్పు అత్తయ్యా."

ఆవిడ నేల మీద బారులు తీరిన చీమల వైపు చూసింది. "ఈ గదిలో దుమ్ము లేవకుండా ఊడ్చే ఉపాయం ఏదైనా చెయ్యి. ఆ రోజే తణుకు వాళ్లకి కుదరదని కబురు పెట్టేస్తాను."

ఆవిడ వేళాకోళానికి అంది. నేను దాన్ని రాజశాసనంగా తీసుకుని ఇంటికొచ్చాను.

కాకినాడలో చదువుకునేటప్పుడు ఒక పెద్ద గెస్ట్ హౌసులో దుమ్ము పీల్చే మిషను చూశాను. ఏనుగు పిల్లంత ఉండేది, తొండం కూడా ఉండేది. వెనక తోకలాగా బారెడు తీగ. దాన్ని ఈడ్చుకుంటూ తిరగలేక ఆ పనిమనిషి చెమటలు కక్కేవాడు. అలాంటిది అత్తయ్య గదిలో పెడితే మిషను లోపల ఉంటుంది, అత్తయ్య వీధిలో ఉంటుంది. పైగా అక్కడ ప్లగ్గు లేదాయె. కాబట్టి తీగ లేకుండా, తేలికగా, అచ్చం చీపురులా ఒంటిచేత్తో ఆడించగలిగేది చెయ్యాలని తీర్మానించుకున్నాను.

ఆ తరవాత చీపురును నేను చదివినంత శ్రద్ధగా కాలేజీలో ఏ పుస్తకాన్నీ చదవలేదు. అత్తయ్య వాకిలి ఊడుస్తుంటే వెనకాలే నడిచాను. ఎడమ చెయ్యి వెనక్కి పోయి నడుము మీద కూర్చుంటుంది. కుడి మణికట్టు మాత్రమే తిరుగుతుంది. చీపురు మంచం కింద దూరుతుంది, మూలల్లో ఒదుగుతుంది, పని అయిపోయాక తలుపు చాటుకి పోయి పడుకుంటుంది. ఇంత వినయం గల వస్తువు ఇంట్లో ఇంకోటి లేదనిపించింది. ఎందుకురా నా వెనకాల తిరుగుతున్నావని అత్తయ్య అడిగితే పరిశోధన అని చెప్పాను. అరుగు మీద కూర్చున్న సత్యవతి నాన్న గవర్రాజు మావయ్య ఆ మాట విని, కుర్రాడికి ఎండ దెబ్బ తగిలినట్టుంది, కాస్త మజ్జిగ ఇవ్వండని లోపలికి చెప్పారు.

మొదట చేసిన దానికి కారు బ్యాటరీ పెట్టాను. బ్రహ్మాండంగా పని చేసింది గానీ, గది ఊడవాలంటే ఇద్దరు మొయ్యాల్సి వచ్చింది. తరవాత ఆ బ్యాటరీని వీపుకి కట్టుకుని చూశాను. సత్యవతి గుమ్మంలో నిలబడి, పురుగుమందు కొట్టడానికి ఎవరి చేలోకి వెళుతున్నావు బావా అని అడిగింది. ఆ పూటకి నా పరిశోధన ఆగిపోయింది. ఆ పైన తిరిగి తిరిగి ఒక చిన్న స్కూటరు బ్యాటరీ సంపాదించాను. కానీ దాన్ని గొట్టం మీద ఎక్కడ కట్టినా మిషను ఒక పక్కకి లాగేసేది. ఒకనాటి సాయంత్రం సత్యవతి నిండు నీళ్ల బిందె నడుము మీద పెట్టుకుని, ఏ బరువూ లేనట్టు కబుర్లు చెప్పుకుంటూ పోతుంటే నాకు జ్ఞానోదయమైంది. బరువు అనేదాన్ని పట్టుకునే చోటికి దగ్గరగా పెట్టాలి. నేను ఆ సాయంత్రం చూసింది బిందెనే. ఈ విషయంలో మా ఆవిడకి ఇప్పటికీ నమ్మకం కుదరలేదు.

పరుగున ఇంటికి వెళ్లి బ్యాటరీని పిడి కిందే బిగించాను. కార్లలో డ్రైవరు ముందు తగిలించే చిన్న ఫ్యాను ఒకటి తెచ్చి పాలపిండి డబ్బాలో కూర్చోబెట్టాను. డబ్బాకి ఒక వైపు ప్లాస్టిక్ గొట్టం, గొట్టం చివర డబ్బా మూతలు కత్తిరించి చేసిన నోరు. ఇంకో వైపు, పీల్చిన దుమ్ము వెళ్లి పడడానికి మా అమ్మ దిండు గలీబు. అమ్మ గలీబు కోసం ఇల్లంతా వెతుకుతుంటే నేను కూడా వెతికాను.

అంతటితో ఆగి ఉంటే నా చరిత్ర వేరేలా ఉండేది. కానీ వస్తువన్నాక అందం ఉండాలి కదండీ. గొట్టానికీ, బ్యాటరీకి పోయే రెండు తీగలకీ కలిపి పసుపుపచ్చ టేపు చుట్టేశాను. ఏ తీగ ఏదో తెలియకుండా మొత్తం ఒకే రంగులో, పచ్చటి చీపురులా నిగనిగలాడింది. ఈ టేపును కాస్త గుర్తుపెట్టుకోండి.

మిషను తీసుకెళ్లి అత్తయ్య చేతికిచ్చాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, తేలికగానే ఉందిరా అంది. వంగి ముందుకు తోసింది. ఆవిడకి తెలియకుండానే ఎడమ చెయ్యి వెనక్కి పోయి నడుము మీద కూర్చుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మీరు నమ్మండి, నమ్మకపోండి, ఆ క్షణంలో నాకు పెళ్లి బాజాలు వినిపించాయి.

"మరి దీపాలు పెట్టాక కూడా వాడుకోవచ్చా?" అని అడిగింది అత్తయ్య. చీకటి పడ్డాక ఊడిస్తే లక్ష్మి బయటికి వెళ్లిపోతుందని మా ఇళ్లలో దీపం పెట్టాక చీపురు ముట్టుకోరు.

"నిరభ్యంతరంగా వాడుకో అత్తయ్యా. ఇది చీపురు కాదుగా."

"ఇన్నాళ్లూ అచ్చం చీపురు, అచ్చం చీపురని ప్రాణం తీశావు, ఇప్పుడు చీపురు కాదంటావేంటిరా. ముందు అదేదో నువ్వు తేల్చుకో." అంటూనే నవ్వింది. మండపేటలో వీర్రాజు గారింటి పెళ్లికి రేకులు ఒప్పుకున్నానని, ఎల్లుండి పొద్దున్నే ఆయన స్వయంగా వస్తారని, ఆ రోజు గది నిండా రేకులు ఉండగా ఆడించి చూపించమని చెప్పింది. "ఆ రోజు నీ మిషను పని చేస్తే నా మాట మాటే" అంది. తలుపు వెనక గాజుల చప్పుడు వినిపించింది.

ఆ గాజుల చప్పుడు నన్ను పాడు చేసింది. మర్నాడంతా మిషను భుజాన వేసుకుని ఊరేగాను. బళ్లో మేష్టారి బల్ల కింద సుద్దపొడి పీల్చి చూపించాను. రైసు మిల్లులో తవుడు పీల్చాను. చివరికి శెట్టిగారి కిరాణా కొట్టుకి వెళ్లాను. అక్కడ అప్పుడే కారం మూట చిరిగి నేలంతా ఎర్రగా ఉంది. ఒక్క నలుసు లేకుండా లాగేశాను. శెట్టిగారు ముక్కున వేలేసుకుని, ఆ తరవాత ముక్కే మూసుకున్నారు. నిండిన గలీబును మాత్రం నేను దులపలేదు. అది నాకు ఊరిచ్చిన సర్టిఫికెట్టు కదా, అత్తయ్యకి చూపించి అప్పుడు దులుపుదామనుకున్నాను.

ఇంత ఊరేగాక బ్యాటరీ నీరసించిపోయింది. దాన్ని విప్పి రావులపాలెం పట్టుకెళ్లి ఛార్జింగ్ పెట్టించి, పెళ్లివారు వచ్చే రోజు పొద్దుటి బస్సులో తెచ్చాను. గబగబా తీగలు తగిలించాను. పసుపుపచ్చ తీగ ఒకటి ఇటు, పసుపుపచ్చ తీగ ఇంకోటి అటు. ఒక్కసారి ఆడించి చూసుకోవచ్చుగా అంటారు మీరు. ఛార్జింగ్ అంతా అత్తయ్య గదికే దాచుదామనుకున్నానండి. పొదుపు.

నేను వెళ్లేసరికి రేకుల గది పెళ్లిమంటపంలా ఉంది. గోడ పొడుగునా రేకుల దొంతరలు, మధ్యలో అత్తయ్య, చుట్టూ మడతలు వేస్తున్న పక్కింటి ఆడవాళ్లు, నేతి గిన్నె పట్టుకుని సత్యవతి. వీర్రాజు గారు అరుగు మీద మావయ్యతో కూర్చుని కాఫీ తాగుతున్నారు. అత్తయ్య నేల మీద రాలిన పంచదార పొడి చూపించి, కానివ్వరా అంది. నేను ఎడమ చెయ్యి నడుము మీద పెట్టుకుని, వంగి, మీట నొక్కాను.

పంచదార పొడి లోపలికి వెళ్లలేదు. పక్కకి జరిగింది. బ్యాటరీ ఇంకా పుంజుకోలేదేమో అనుకుని నోటిని ఇంకాస్త దగ్గరగా, అంటే రేకుల దొంతరలకి ఇంకాస్త దగ్గరగా పెట్టాను. పై రేకు ఒకటి మెల్లగా లేచి నిలబడింది. దాని వెనక ఇంకోటి. ఆ తరవాత దొంతర దొంతరంతా కొంగల గుంపులా లేచింది. అత్తయ్య రెండు చేతులూ చాచి పట్టుకోబోయింది. పట్టుకుంటే ఆగుతాయా, పట్టుకున్నవి పట్టుకున్నట్టే పొడైపోయాయి.

తీగలు తారుమారైతే ఆ ఫ్యాను ఎదురు తిరుగుతుందనీ, ఎదురు తిరిగితే మిషను పీల్చడం మానేసి ఊదుతుందనీ డిప్లొమా మొదటి సంవత్సరంలోనే చెప్పారు. ఆ ముక్క నాకు ఆ గడియలో గుర్తు రాలేదు. లోపల ఏదో అడ్డుపడి ఉంటుందని, మిషను పైకెత్తి నోట్లోకి తొంగి చూశాను.

సరిగ్గా అప్పుడే గలీబులో ఉన్న సరుకు బయల్దేరింది. ముందు సుద్దపొడి వచ్చింది, వెనకే తవుడు వచ్చింది, ఆ వెనక శెట్టిగారి కారం వచ్చింది. నా కళ్లు మూసుకుపోయాయి. మీట ఎక్కడుందో కనపడదు. కళ్లు మూసుకుని మిషను పట్టుకుని గిరగిరా తిరిగాను, ఏ మూలకీ అన్యాయం జరక్కుండా. తుమ్మడానికి వీల్లేని ఆ గదిలో ముందు అత్తయ్య తుమ్మింది, తరవాత అందరూ అందుకున్నారు. మిషను ఊదగా మిగిలిన రేకులను ఆ తుమ్ములు ఎగరగొట్టాయి.

సత్యవతి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చి తీగలు రెండూ పట్టుకుని పీకేసింది. మిషను ఆగి నా చేతిలోంచి జారి పడింది. రేకులు మంచులా దిగుతున్నాయి. గోల విని గుమ్మంలోకి వచ్చిన వీర్రాజు గారి బుగ్గ మీద ఒక ముక్క వాలింది. ఆయన దాన్ని తీసి నోట్లో వేసుకుని కాసేపు ఆలోచించారు.

"మాణిక్యమ్మగారూ, మేం చెప్పింది పంచదారవేనండి. కారంవి ఎప్పుడు మొదలెట్టారండి?"

అత్తయ్య లేచి వచ్చి, నా కాళ్ల దగ్గర పడున్న మిషనును ఒక్క తన్ను తన్నింది. అది గడప అవతల పడింది. మరుక్షణం ఆవిడ ఉలిక్కిపడి, వంగి దాన్ని చేత్తో తాకి కళ్లకి అద్దుకుంది. చీపురుకి కాలు తగిలితే అలా అద్దుకోవడం ఆవిడకి పుట్టినప్పటి నుంచీ అలవాటు. నా మిషను అచ్చం చీపురేనని లోకం ఒప్పుకున్నది ఆ ఒక్క క్షణమే. దానికి సంతోషించే స్థితిలో నేను లేను.

వీర్రాజు గారు చాలా పెద్దమనిషి. ముహూర్తం రేపు రాత్రికేనండి, పొద్దున్నే మనిషిని పంపుతాను, కంగారుపడకండని చెప్పి ముక్కు తుడుచుకుంటూ వెళ్లిపోయారు. ఆ తరవాత వీధిలో ప్రతి ఇంట్లోనూ కుండ బోర్లించారు. నేను కొబ్బరాకులు మోశాను, మంటలు ఊదాను, గోడల మీది కారం కడిగాను, మోకాళ్ల మీద కూర్చుని నేల తుడిచాను. సాయం చేద్దామని ఒక రేకు నేనూ తీయబోతే అది బొంతముక్కలా వచ్చింది, చెయ్యి కాలింది. సాయంత్రం దాకా అత్తయ్య నా మొహం చూడలేదు. తిట్టినా బాగుండును. తణుకు కుర్రాడి దువ్విన తలే కళ్ల ముందు కనపడుతుంటే నాకు నిజంగానే ఏడుపొచ్చింది. కారం వల్ల అని అందరూ అనుకోవడం ఒక్కటే నా అదృష్టం.

దీపాలు పెట్టే వేళకి రేకులన్నీ పూర్తయి బుట్టల్లోకి ఎక్కాయి. అత్తయ్య చేతులు కడుక్కుని, మా నాన్నని పిలిపించింది. నేను మసి మొహంతో ఒక స్తంభం చాటున నిలబడ్డాను.

"అన్నయ్యా, తణుకు వాళ్లకి కుదరదని కబురు పెట్టేస్తున్నాం. పిల్లని మన కామేశానికే ఇస్తాను."

మా నాన్న నమ్మలేకపోయారు. "ఇంత జరిగాక వీడికిస్తావా అమ్మా?"

"ఇంత జరిగింది కాబట్టే. తణుకు కుర్రాడు బుద్ధిమంతుడు, వాడికి ఎవరైనా పిల్లనిస్తారు. వీడి సంగతి రేపటికల్లా మండపేట దాకా తెలిసిపోతుంది. ఇంక బయటివాళ్లు ఎవరిస్తారు వీడికి? పుట్టింటి పరువు, నేనే మొయ్యాలి."

మా నాన్నకి చెల్లెలి మీద ప్రేమ పొంగాలో, కొడుకు మీద కోపం రావాలో తెలియక ఉత్తరీయంతో మొహం తుడుచుకున్నారు. సత్యవతి స్తంభం దాకా వచ్చింది. దాని కళ్లు కూడా కారానికి ఎర్రగా ఉన్నాయి, నవ్వు మాత్రం ఆగడం లేదు. "నాదొక్కటే షరతు బావా. మన పెళ్లి రేకులు మడతపెట్టే రోజు నువ్వు ఊళ్లో ఉండకూడదు" అంది. ఆ షరతు నేను అక్షరాలా పాటించాను. ఆ రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రావులపాలెంలో బ్యాటరీ కొట్టు ముందు బెంచీ మీద కూర్చున్నాను. అంత ఆనందంగా నేను ఎక్కడా ఖాళీగా కూర్చోలేదు.

మిషనును పొయ్యిలో పెట్టమన్నారు మావయ్య. చీపురును కాల్చకూడదని అత్తయ్య ఒప్పుకోలేదు. ఆవిడ పోయేదాకా అది వాళ్ల తలుపు చాటున మిగతా చీపుళ్లతో కలిసి వినయంగా నిలబడే ఉంది.

ఇప్పుడు మా అమ్మాయి తెచ్చిన మిషను దగ్గరికి వద్దాం. నొక్కి చూడు నాన్నా అని దాన్ని నా చేతిలో పెట్టింది. నేను మీట మీద వేలు వేసేలోపు మా ఆవిడ లేచి, బల్ల మీదున్న పూతరేకుల డబ్బా తీసుకుని, పక్క గదిలో పెట్టి, తలుపు వేసి, గొళ్లెం పెట్టి, వచ్చి తన కుర్చీలో కూర్చుని ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడు నొక్కు బావా" అంది.

నేను నొక్కలేదు. అందుచేత ఓ పాఠక మహాశయులారా, గోదావరి తల్లి సాక్షిగా, మా అత్తయ్య బోర్లించిన కుండ సాక్షిగా మీ అందరి ముందు ప్రమాణం చేస్తున్నాను. గాలి పీల్చేదీ, గాలి ఊదేదీ, ఆ రెంటిలో ఏది చేస్తుందో ముందుగా చెప్పనిదీ అయిన ఏ వస్తువునూ ఈ జన్మలో ముట్టుకోను. మా ఇల్లు నేనే ఊడుస్తాను, ఈనెల చీపురుతో, ఎడమ చెయ్యి నడుము మీద పెట్టుకుని. అదీ దీపాలు పెట్టకముందే.